ఒక మిస్డ్ కాల్ అంటే అర్థమైందని

2020 సెప్టెంబరు ఒకటి, మంగళవారం, ఉదయం పదిన్నర. ఎదురుగా ఒక్క పిల్ల కూడా లేకుండా నేను మొదటి పాఠం చెప్పింది అప్పుడు. జనగామలో మా ఇంటి వెనక గది. కుర్చీ మీద బియ్యం డబ్బా, డబ్బా మీద ఫోను, దానికి ఎదురుగా గోడకు ఆనించిన నల్లబల్ల. అప్పటికి నాకు అరవై రెండేళ్లు. ఉద్యోగ విరమణ చేసి నాలుగేళ్లు. పట్టణంలోని బాలికల గురుకులంలో లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉండడంతో అంతకుముందు ఏడాది నుంచే ప్రిన్సిపాల్ నన్ను పిలిపించుకుని తొమ్మిదో తరగతికి చెప్పించుకుంటున్నారు. ఆ పిల్లలే ఇప్పుడు పదిలోకి వచ్చారు. ముప్పై ఒక్కమంది. మార్చిలో హాస్టలు మూసి ఎవరిళ్లకు వాళ్లను పంపేశాక కొందరు మహబూబాబాద్ వైపు, కొందరు భూపాలపల్లి వైపు, మిగిలినవాళ్లు జనగామ చుట్టుపక్కల పల్లెల్లోకి వెళ్లిపోయారు.

హాస్టల్లో పిల్లల్ని ఊళ్ల పేర్లతో పిలవడం అలవాటు. ఒకే పేరు ముగ్గురికి ఉంటుంది గానీ ఒకే ఊరు ముగ్గురికి ఉండదు. ఆ రోజు ఫోనును డబ్బా మీద నిలబెట్టి, దానిలో నన్ను కుదిర్చింది జనగామ పిల్ల. వాళ్ల నాన్న స్టేషను దగ్గర బట్టలు కుడతాడు. ఇల్లు మాకు రెండు సందుల అవతల. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు, రెండిటిలోనూ ఆగని నోరు.

"మేడం, మీ మొకం కనవడ్తలేదు. ఒట్టి ముక్కు కనవడ్తుంది."

"బోర్డు కనవడ్తె చాలు. నా మొకంతోటి లెక్క అయితదా?"

"అయితది మేడం. మీ మొకం చూస్తెనే మాకు తప్పు చేసినట్టు ఎర్కైతది."

నవ్వుకుని బల్ల వైపు తిరిగాను. ఆ మాట ఎంత నిజమో ఆ గంటలోనే తెలిసింది. నా ముఖం చూసి వాళ్లు దిద్దుకుంటారని ఆ పిల్ల అంది. వాళ్ల ముఖాలు చూసి నేను దిద్దుకుంటానని అప్పటిదాకా నేను ఎప్పుడూ అనుకోలేదు. ముప్పై నాలుగేళ్లు తరగతి గదిలో నిలబడి, పెద్ద తరగతులకైనా లెక్కలు పలకల మీదే చేయించాను. బలపం ఎక్కడ ఆగిందో, ఎవరి కళ్లు పక్క పలక మీదికి వెళ్లాయో చూసి, చెప్పిన మాటను ఇంకో రకంగా మళ్లీ చెప్పేదాన్ని. అడగాల్సిన పని ఉండేది కాదు. ఆ మంగళవారం ఫోనులో పంతొమ్మిది నల్లటి గళ్లు కనిపించాయి. "అర్థమైందా?" అన్నాను. ఎవరూ పలకలేదు. ఇంకోసారి అడిగితే ఒక కుక్కర్ విజిలు, ఒక కోడికూత, ఎక్కడో "బయ్యారం, బయ్యారం, బయ్యారం" అని ఆటోవాళ్ల కేక వినిపించాయి. మర్నాడు ప్రిన్సిపాల్ అన్ని సబ్జెక్టులకూ ఒకటే నియమం పెట్టారు: పాఠం జరుగుతున్నంతసేపూ పిల్లలందరూ మైకులు మూసి ఉంచాలి. మోత ఆగిపోయింది. దానితోపాటు పిల్లలూ ఆగిపోయారు.

టచ్ ఫోను ఉన్న ఇళ్లు పంతొమ్మిది. మిగిలిన పన్నెండుమందికి మధ్యాహ్నం మామూలు కాల్‌లో నలుగురేసి చొప్పున అదే పాఠం మళ్లీ చెప్పేదాన్ని. ఎవరికి ఎంత అందిందో తెలిసే దారి మాత్రం లేదు. వారం చివర నాకు ఒక ఉపాయం తోచింది. మా వైపు మిస్డ్ కాల్‌కు అర్థం ఎవరికీ నేర్పనక్కర్లేదు. బస్సు ఎక్కినవాడు ఒక్క మిస్డ్ కాల్ ఇస్తాడు. ఇంట్లోవాళ్లు బియ్యం పొయ్యి మీద పెడతారు. పాలవాడు ఇస్తాడు, గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళతాం. పైసా ఖర్చు లేదు, ఎంత పాత ఫోనైనా సరిపోతుంది. కాబట్టి పాఠం అయ్యాక అర్థమైతే ఒక మిస్డ్ కాల్, అర్థం కాకపోతే రెండు. రెండు ఇచ్చినవాళ్లకు నేనే ఫోను చేసి మళ్లీ చెబుతాను.

బాగా నడిచింది. టచ్ ఫోను పిల్లల మిస్డ్ కాల్స్ పన్నెండు గంటలలోపు, మిగిలినవాళ్లవి సాయంత్రంలోపు వచ్చేవి. ప్రిన్సిపాల్ ఈ పద్ధతిని తమ మీటింగులో చెప్పారట. ఇంకో రెండు బడులవాళ్లు నన్ను అడిగి తెలుసుకున్నారు. నేనూ సంతోషించాను.

ఇక బయ్యారం పిల్ల సంగతి చెప్పాలి. ఊరు బయ్యారానికి ఇంకా లోపల. తొమ్మిదో తరగతిలో "పలకలెత్తండి" అంటే ముందు లేచే పలక ఆమెది. ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకసారి బల్ల తుడుస్తూ ఉన్నట్టుండి అడిగింది: "మేడం, బ్రిడ్జీలు కట్టెటోళ్లు ఏడ చదువుతరు?" వాళ్ల ఊరికి, రోడ్డుకు మధ్య వాగు ఉంది. వానలు పడితే వాళ్ల నాన్న ఆటో ఆ ఒడ్డునే ఉండిపోతుంది, ఈయన ఇంట్లో కూర్చుంటాడు. పది అయ్యాక పాలిటెక్నిక్ ఉందని, వరంగల్‌లో ఆడపిల్లలకు ప్రభుత్వ కాలేజీ ఉందని, ప్రవేశ పరీక్షలో సగం మార్కులు లెక్కలవేనని చెప్పాను. "సగమా?" అని నవ్వింది. ఆ సగం అప్పటికే తన చేతిలో ఉన్నట్టు నవ్వింది. ఆమె మీద నాకూ అంతే నమ్మకం. వాళ్ల ముందు బ్యాచిలో మా బడి నుంచి ఆరుగురికి సీట్లు వచ్చాయి. ఈసారి మొదటి సీటు ఈమెదే అనుకున్నాను.

వాళ్ల ఇంట్లో సిగ్నల్ ఉండదు. ఉన్న ఒక్క ఫోను నాన్నది. గిరాకీలు అతనికి ఆ ఫోనుకే చేస్తారు. అందుకని ఆ పిల్ల పొద్దున నాన్నతోపాటు ఆటోలో మహబూబాబాద్ వచ్చి, స్టేషను ముందున్న ఆటో స్టాండులో వెనక సీట్లో కూర్చుని పాఠం వినేది. పన్నెండు గంటల ట్రిప్పులో ఇంటికి పోయేది. మొదటి రోజు నాకు వినిపించిన కేక అక్కడిదే.

సెప్టెంబరు రెండో వారంలో ఆమె నుంచి రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. పన్నెండు దాటాక నేను చేశాను. ఇంజన్ చప్పుడు వినిపించి, వెంటనే ఆగిపోయింది.

"నమస్తే మేడం. చెప్పుండ్రి. ఏం తప్పు జేసింది మా బిడ్డ?"

"తప్పేం లేదు. పాఠంల ఒకటి సమజ్ కాలేదట, చెప్దామని చేసిన. బండి నడుపుతున్నరా?"

"నడుపుకుంట మీతోటి మాట్లాడుతనా మేడం? పక్కకు ఆపి దిగి నిలవడ్డ."

వెనక నుంచి ఎవరో అన్నారు: "అన్నా, పోనియ్యరాదే. బ్యాంకు బంద్ జేస్తరు."

"ఆగుండ్రి జర! బిడ్డకు మేడం ఫోన్ చేసింది," అని ఫోను పిల్లకిచ్చాడు.

పది నిమిషాలు చెప్పాను. ఆమె "సమజైంది మేడం, సమజైంది" అని త్వరత్వరగా అంది. ఇంత మర్యాద ఉన్న తండ్రి ఇంట్లో పిల్ల చదువుకు లోటుండదని తృప్తిగా ఫోను పెట్టేశాను. మర్నాటి నుంచి ఆమె రోజూ ఒక్క మిస్డ్ కాలే ఇచ్చింది. అక్టోబరులో, నవంబరులో, సంక్రాంతి సెలవులు అయిపోయాక కూడా. రెండు చరరాశుల సమీకరణాలు, వర్గ సమీకరణాలు, శ్రేఢులు, అన్నిటికీ ఒక్కటే. మిగతావాళ్లతో ఎంత అవస్థ పడినా ఆమె పేరు దగ్గర నాకు దిగులు ఉండేది కాదు.

2021 ఫిబ్రవరి ఒకటి, సోమవారం, తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. వారం రోజుల్లో ఇరవై ఎనిమిది మంది వచ్చారు. ముగ్గురు రాలేదు. మాస్కులు కట్టుకుని బెంచీకి ఒక్కరు చొప్పున కూర్చున్నారు. మొదటి రోజు నేను ఏమీ చెప్పలేదు. పాత పలకలు పంచి బల్ల మీద ఒక లెక్క రాశాను: రెండు పెన్నులు, మూడు నోటుబుక్కుల ధర ఇంత. మూడు పెన్నులు, ఒక నోటుబుక్కు ధర ఇంత. ఒక్కోటీ ఎంత? సెప్టెంబరులో చెప్పిన పాఠం. కాసేపాగి "పలకలెత్తండి" అన్నాను.

బయ్యారం పిల్ల పలక అందరికంటే చివర లేచింది. దాని మీద ప్రశ్న ఉంది, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా. దాని కింద ఏమీ లేదు.

భోజనాలయ్యాక ఆమెను బల్ల దగ్గరికి పిలిచాను. జనగామ పిల్ల, ఇంకొందరు కిటికీ దగ్గర చెవులు ఇటు పెట్టుకుని కూర్చున్నారు.

"ఏమైంది?"

"రాదు మేడం."

"రాదంటే? నేను చెప్పిన నాడు నువ్వు ఒక్కటే ఇచ్చినవ్."

"రోజూ ఒక్కటే ఇచ్చిన."

"ఎందుకిచ్చినవ్?"

సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పింది. "రెండిస్తె మీరు ఫోన్ జేస్తరు. మీరు జేస్తె మా బాపు బండి ఆపుతడు. ఇంకెవలు జేసినా ఆపడు, నడుపుకుంటనే మాట్లాడుతడు. 'నడుపుకుంట మాట్లాడు బాపూ' అంటె, 'మేడంతోటి అట్ల మాట్లాడుతరా' అని నన్నే కోపం జేసిండు. గా రోజు ముగ్గురు దిగి ఎనక బండి ఎక్కిన్రు. ఆయిన ఒక్క మాట అనలే. గని నేను సూసిన గద మేడం."

"నాకు చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? మైకు బంద్. ఒకటిస్తె అచ్చినట్టు, రెండిస్తె మీరు జేస్తరు. మూడిస్తె ఏందో మీరు చెప్పలే."

కిటికీ దగ్గర ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నేను నవ్వలేదు. ఆమె కూడా హాస్యానికి అనలేదు.

బడి నుంచి వచ్చే ఫోను అంటే మా వైపు ఇళ్లల్లో ఏమిటో నాకు తెలియనిది కాదు. ఇంట్లో పెద్ద ఎవరో వాళ్లు లేచి నిలబడి తీస్తారు, మొదటి మాటగా "ఏం తప్పు చేసింది" అని అడుగుతారు. ఆ గౌరవం మీదే ఉద్యోగమంతా నడిపాను. అదే గౌరవం ఒక ఆటోను రోడ్డు పక్కన ఆపేస్తుందని, దానికోసం ఒక పిల్ల అయిదు నెలలు తనకు రానిది వచ్చిందని చెప్పవలసి వస్తుందని లెక్కలోకి తీసుకోలేదు.

ఆమె నోరు తెరిచాక మిగతావాళ్లూ తెరిచారు. భూపాలపల్లి పిల్ల వాళ్ల నాన్న బొగ్గు బావిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు. ఉన్నది ఒక్క గది. చెవిలో పెట్టుకునే వైర్లు లేవు. అందుకని ఆమె ఫోనులో చప్పుడు పూర్తిగా తీసేసి బల్లను చూస్తూ కూర్చునేది. "మీ గొంతు నేను యినలే మేడం. చేతిరాతనే చదివిన." బచ్చన్నపేట పిల్ల కథ దీనికి తలకిందులు. పత్తి ఏరే రోజుల్లో ఫోనును చున్నీలో కట్టుకుని చేనులోనే విన్నది. బల్లను చూసే వీలు లేదు. "మీరు 'ఇది తీసి ఇక్కడ పెడితె ఇదస్తది' అంటరు. ఏది తీస్తరో, ఏడ పెడ్తరో, ఏమస్తదో?"

"గీ ఇద్దర్ని కలిపితె ఒక్క స్టూడెంట్ అయితది మేడం," అంది జనగామ పిల్ల. అందరూ నవ్వారు. భూపాలపల్లి పిల్ల మరీ ఎక్కువ నవ్వింది.

మళ్లీ మొదటి పాఠం నుంచి ఎత్తుకున్నాను. సాయంత్రం స్టడీ అవర్లో బయ్యారం పిల్లను నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. అందుకుంటే గబగబా అందుకునే పిల్ల. కానీ లెక్కల్లో ఒక మెట్టు లేకపోతే పై మెట్టు మీద కాలు ఆనదు. ఏడు వారాల రెండు రోజులు దొరికాయి. సమీకరణాలు అయ్యాయి, శ్రేఢులు సగానికి వచ్చాయి. మార్చి ఇరవై నాలుగు, బుధవారం నుంచి బడులు మళ్లీ మూసేశారు.

పిల్లలు పెట్టెలు సర్దుకుంటుండగా నేను కొత్త పద్ధతి చెప్పాను. మిస్డ్ కాల్స్ లేవు. "అర్థమైందా" అని ఇక నేను అడగను, ఎందుకంటే దానికి మర్యాదస్తుల పిల్లలు ఇచ్చే జవాబు ఒక్కటే. ఎక్కడ ఆగారో అక్కడ గీత గీసి పలక ఫొటో పంపాలి. ఫొటో తీయలేనివాళ్లు ఆ వరుస చదివి వినిపించాలి. ఎక్కడా గీత లేని పలక పంపినవాళ్లను ఎట్లా చేశారో నాకే పాఠం చెప్పమంటాను. చేతితో రాసే ప్రతిదీ నోటితో చెబుతాను, నోటితో చెప్పే ప్రతిదీ రాస్తాను, గొంతు ఒక్కటే ఉన్నవాళ్లకూ బల్ల ఒక్కటే ఉన్నవాళ్లకూ చాలేటట్టు. వేళ నాది కాదు, వాళ్ల ఇంటిది. నేను ఎవరికీ ఫోను చేయను, ఫోను ఖాళీగా ఉన్నప్పుడు వాళ్లే చేయాలి.

బయ్యారం పిల్ల ఖాళీ వేళ ఆటో స్టాండు సీరియల్‌ను బట్టి ఉండేది. అక్కడ ఆటోలు వరుసలో నిలబడతాయి. ముందున్నది నిండి కదిలితే వెనకది జరుగుతుంది. ఆ వరుసను సీరియల్ అంటారు. నాన్న సీరియల్ వచ్చేదాకా ఫోను ఆమెది. నాకు ఫోను వచ్చేది, పాఠం మొదలయ్యేది, "సీరియల్ అచ్చింది మేడం" అనగానే ఆగిపోయేది. ఒక్కోరోజు ముప్పావుగంట, ఒక్కోరోజు పది నిమిషాలు. ఇప్పుడు నిజం పంపేది. ప్రతి పలక మీదా గీత ఉండేది.

సరూప త్రిభుజాల దగ్గర గీతలు ఎక్కువయ్యాయి. వాళ్ల ఫోను అద్దం పగిలి ఉంది. అందులో నా త్రిభుజం ఎన్ని ముక్కలుగా కనిపించేదో. ఏప్రిల్ మొదటి వారంలో మాస్కు కట్టుకుని, సంచీలో కొలత టేపు, సుద్దముక్కలు వేసుకుని వరంగల్ మీదుగా మహబూబాబాద్ వెళ్లాను. స్టేషను ముందు ఇంకా నిలబడనైనా లేదు, ఒకతను చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"అవ్వా, బయ్యారమేనా? ఇటు రా, ఒక్కలే తక్కువ."

లోపలికి తొంగి చూశాను. "ఇద్దరే ఉన్నరు గద?"

"నువ్వెక్కితె మిగిలినోళ్లు అత్తరవ్వా."

అవతల నుంచి ఖాకీ చొక్కా మనిషి పరుగున వచ్చాడు. "అరే, ఇడువురా! మేడం రా ఆమె!" సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెడలో తువ్వాలను ముక్కు మీదికి లాక్కుని రెండు చేతులూ జోడించాడు. వెనక సీట్లోంచి బయ్యారం పిల్ల దిగింది. నన్ను చూడగానే ముందు ఆటోలోని తన పలక తీసి చూపించింది. గీత ఎక్కడుందో చూపించాలని.

స్టాండు మధ్యలో దీపస్తంభం ఉంది. పదకొండు గంటల ఎండ. నా గొడుగు మూసి నిటారుగా నిలబెట్టమన్నాను. గొడుగు ఎంత, దాని నీడ ఎంత, స్తంభం నీడ ఎంత, టేపుకు ఈ కొస నేను, ఆ కొస ఆమె. నేల మీద సుద్దతో చిన్న త్రిభుజం, పక్కన పెద్ద త్రిభుజం గీయించాను. నేను చెప్పింది అంతే. "ఇప్పుడు నాకు చెప్పు," అన్నాను. ఆటోవాళ్లు చుట్టూ చేరారు.

"ఏందన్నా, స్టాండ్ల బడి పెట్టినవ్. ఫీజెంత?"

"నీ తలకాయల పట్టెటంత సదువు కాదు తియ్," అన్నాడు తండ్రి.

"గా స్తంభం ఎత్తు ఎర్కైతె గిరాకి అస్తదా మేడం?"

నేను నోరు తెరిచేలోపు ఆ పిల్ల అంది: "గిరాకి రాదు చిన్నాయినా, బ్రిడ్జి అస్తది. వాగచ్చినా నీ బండి ఆగకుంట." ఏడాదిన్నరలో ఆమె అంత గట్టిగా మాట్లాడగా వినడం అదే. చిన్నాయిన చేతులు పైకెత్తి వెనక్కి తగ్గాడు. ఆమె కింద కూర్చుని స్తంభం ఎత్తు తేల్చింది. ఎందుకు అంత వచ్చిందో చేయి తిప్పుతూ నాకు చెప్పింది. తప్పు లేదు.

అంతలో "సీరియల్ అచ్చింది, జరుగు జరుగు" అని కేక. తండ్రి వెనకతనితో మెల్లగా "నువ్వు పో ముందుగాల" అన్నాడు. నేను విన్నాను.

"మీ సీరియల్ మీరు పోండి. మిగిలిన లెక్క బండ్ల అయితది."

"పర్వాలేదు మేడం."

"పర్వాలేదు అనేటిది నాకు వద్దు. ఇంకో మాట. నేను ఎప్పుడన్న ఫోన్ చేస్తె బండి ఆపకుండ్రి. నేనేం అనుకోను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీరేం అనుకోరు మేడం. నాతోని కాదు. మీరు చేస్తె కాలే బ్రేకు మీదికి పోతది."

ముందు సీటులో ఆయన, వెనక మేమిద్దరం, మాతోపాటు మరో నలుగురు. బయ్యారం దాకా ఇంజను మోతలో ఆమె అరిచి చెబుతుంటే నేను విన్నాను. ఆ నెలలో ఇంకో రెండుసార్లు వెళ్లాను. ఏప్రిల్ మధ్యలో పదో తరగతి పరీక్షలు రద్దు చేశారని ప్రకటన వచ్చింది. అందరూ పాస్. పిల్లలు ఆటోలో ఉన్నా, చేనులో ఉన్నా, ఏ పలక మీద ఏమున్నా పాస్. మిగిలింది ప్రవేశ పరీక్ష ఒక్కటి.

మే పన్నెండు నుంచి లాక్‌డౌన్. ఉదయం పది దాటితే ఆటో తిరగకూడదు. ఆటో లేకపోతే స్టాండు లేదు, సీరియల్ లేదు, ఆమె ఇంట్లో సిగ్నల్ లేదు. అప్పటికి త్రికోణమితి మొదలుపెట్టి రెండు రోజులే అయింది. నేను చేస్తే ఆ నంబరు అందుబాటులో లేదనేది. చేయనని మాట ఇచ్చినా చేశాను, ఆపడానికి బండి నడవడం లేదు కదా అని. ఆ నలభై రోజుల్లో రెండేసార్లు ఆమె ఫోను వచ్చింది. నాన్నతో బియ్యం తెచ్చుకోవడానికి బయ్యారం వచ్చిన పొద్దుల్లో. రెండోసారి, సిగ్నల్ పోయేలోపే అని గబగబా ఒక లెక్క అడిగింది. సగంలో ఫోను కట్ అయింది.

జూన్ చివర దారులు తెరిచారు. జూలైలో పరీక్ష రాసింది. ఫలితాలు వచ్చాక ఆమే ఫోను చేసింది. వెనక "బయ్యారం, బయ్యారం" కేకలు వినిపిస్తున్నాయి.

"ర్యాంకు దూరం వడ్డది మేడం. వరంగల్‌ల రాదట. జనగామ పిల్లకు అచ్చిందంట గద?"

"అవును. ఆమెకు, లింగాల ఘనపూర్ పిల్లకు."

"మంచిగైంది." తనే మళ్లీ అంది: "లెక్కలు అరవైల ఇరవై ఆరు చేసిన మేడం. అవి తప్పు పోయి ఉండయి, మీరు పలక చూసినయే అవన్నీ. మిగిలిన ముప్పై నాలుగు పేపర్ల చూడంగనే ఎర్కైనయ్. కొన్ని మేలో చెప్పాల్సినయ్. ఎక్కువ మట్టుకు నేను ఒక్కటిచ్చిన పాఠాలల్లయి."

మరుసటి ఏడాది మళ్లీ రాయమన్నాను. "చూస్త మేడం" అంది. నేను పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో ఆ మాట విని తిరిగి వచ్చినవాళ్లు తక్కువ.

"సీరియల్ అచ్చింది మేడం. ఉంట మరి."

ఆ ఆగస్టులో మహబూబాబాద్‌లోనే ఇంటర్లో చేరింది. చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం. ఇప్పుడు డిగ్రీ. బాగా చదువుతోందని జనగామ పిల్ల చెబుతుంది. లెక్కలు లేవు.

ఇక పోయినది ఎంతో రాస్తాను. పదో తరగతి లెక్కల్లో పాఠాలు పద్నాలుగు. ఆ ఏడాది పిల్లల ముఖాలు చూస్తూ నేను చెప్పినవి అయిదు. హాజరు పుస్తకంలో ఉన్న పిల్లలు ముప్పై ఒకరు, పాసైనవారు ముప్పై ఒకరు. ఫిబ్రవరిలో రాని ముగ్గురూ పాసే, వాళ్లు మళ్లీ ఏ బడిలోనూ కూర్చోలేదు. పాలిటెక్నిక్ సీట్లు అంతకుముందు ఏడాది ఆరు, ఆ ఏడాది రెండు. బయ్యారం పిల్ల నుంచి నాకు వచ్చిన ఒంటి మిస్డ్ కాల్స్ తొంభై ఒకటి, ఆమెకు రాని లెక్కలు ముప్పై నాలుగు, రావలసిన సీటు ఒకటి.